వార్డు పోస్టింగుల్లో అంటువ్యాధుల నుంచి కాపాడుకోవడం ఎలా: హైదరాబాద్ వైద్య విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఎంబీబీఎస్ రెండో సంవత్సరంలోకి వచ్చిన విద్యార్థులు, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులు, ఏటా ఒకే ప్రశ్న అడుగుతారు: వార్డుల్లో తిరిగేటప్పుడు జబ్బులు అంటకుండా ఏం చేయాలి? జవాబు పాఠ్యపుస్తకంలో ఉంది. చిక్కల్లా ఆ జవాబు పుస్తకంలోనే ఉండిపోవడం.

చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలని వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, అడిగితే ఐదు సందర్భాలూ తడుముకోకుండా చెప్పే విద్యార్థి, అరగంట తర్వాత వార్డులో వరసగా మూడు మంచాల దగ్గర ముగ్గురి పొట్టలు తాకి ఒక్కసారి కూడా సానిటైజర్ రాసుకోడు. తెలియక కాదు. సీసా దగ్గర్లో లేదు, ప్రొఫెసర్ ముందుకు నడిచారు, పక్కనున్న పీజీ డాక్టర్ కూడా రాసుకోలేదు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం వార్డుకు వెళ్లకముందు చేసుకోవాల్సిన ఏర్పాట్లకే కేటాయించాను. అక్కడికి వెళ్లాక ఆలోచించే తీరిక దొరకదు.

## 1. పోస్టింగుకు ఆరు నెలల ముందు: టీకాల లెక్క తేల్చుకోండి

అన్నిటికంటే ముందు హెపటైటిస్ బి. మూడు డోసులు: మొదటిది, నెల తర్వాత రెండోది, మొదటి డోసు నుంచి ఆరు నెలలకు మూడోది. కోర్సు పూర్తికావడానికే అర్ధ సంవత్సరం పడుతుంది. పోస్టింగులు మొదలయ్యే వారం గుర్తుకొస్తే ఆలస్యమైనట్టే. అయినా ఆ రోజే మొదలుపెట్టండి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మూడో డోసు వేసుకున్న ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ పరీక్ష, అంటే రక్తంలో రక్షణ యాంటీబాడీలు ఎంతున్నాయో చూసే పరీక్ష, చేయించుకోవాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రక్షణ వచ్చినట్టు. తక్కువ ఉంటే మరో మూడు డోసుల కోర్సు వేసుకుని మళ్లీ పరీక్షించుకోవాలి. అప్పటికీ రాకపోతే మీరు టీకాకు స్పందించని కోవలోకి వస్తారు. సూది గుచ్చుకుంటే మీకు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) అవసరమవుతుంది కాబట్టి ఆ సంగతి మీ ఫైల్లో రాసి ఉండాలి.

చిన్నప్పుడే మూడు డోసులూ పడ్డాయని, కార్డు కూడా ఉందని చెప్పేవారు కూడా టైటర్ చూసుకోవాల్సిందే. ఏళ్లు గడిచేకొద్దీ యాంటీబాడీలు తగ్గడం సహజం. తక్కువగా వస్తే ఒక డోసు వేసుకుని ఒకటి రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి. చాలామందికి ఆ ఒక్క డోసుతోనే టైటర్ పెరుగుతుంది.

మిగతావి క్లుప్తంగా:

- ధనుర్వాతం, డిఫ్తీరియాలకు కలిపి ఇచ్చే టీడీ టీకా: పదేళ్లకోసారి బూస్టర్. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి డిఫ్తీరియా రోగులు ఇప్పటికీ వస్తారు. అక్కడ పోస్టింగు ఉన్నవారు దీన్ని వాయిదా వేయవద్దు.
- తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్: రెండు డోసులు పడినట్టు ఆధారం లేకపోతే నాలుగు వారాల ఎడంతో రెండు.
- అమ్మవారు, అంటే చికెన్‌పాక్స్: చిన్నప్పుడు రాలేదని ఇంట్లో గట్టిగా చెబితే రెండు డోసులు. ఇదీ ఎంఎంఆరూ సజీవ టీకాలు. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవ్వరు.
- ఫ్లూ: ఏటా ఒకటి.
- టైఫాయిడ్ కాంజుగేట్ టీకా: హాస్టల్ మెస్సులోనూ ఆసుపత్రి బయటి బండ్ల దగ్గరా తినేవారికి ఇది తప్పనిసరి అనే నా అభిప్రాయం.

బీసీజీ పడింది కదా, క్షయ రాదు అనుకోవద్దు. చిన్నపిల్లల్లో తీవ్రమైన క్షయను ఆపడంలో దాని పాత్ర పెద్దది. పెద్దల ఊపిరితిత్తులకు వచ్చే క్షయ విషయంలో దాన్ని నమ్ముకుని మాస్కు మానడానికి వీల్లేదు.

టీకాలు ముందు మీ కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో అడగండి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లోనూ టీకాలు వేస్తారు. కావలసింది ఆ రోజు అందుబాటులో ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. డోసుల తేదీలు, టైటర్ ఫలితం ఒకే కాగితం మీద రాసి, దాని ఫొటో ఫోనులో ఉంచుకోండి. ప్రమాదం జరిగిన రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది దాని గురించే.

## 2. ముందు రోజు రాత్రి: ఒంటిమీద ఏం ఉండాలి, ఏం ఉండకూడదు

ఏప్రాన్ జేబులో 50 లేదా 100 మిల్లీలీటర్ల సానిటైజర్ సీసా పెట్టుకోండి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పని మాత్రమే చేయగలనంటే ఇదే చేయండి. వార్డు గోడకున్న డబ్బా ఖాళీ అయిందన్న కారణం మీ చేతిని ఆపకూడదు. సీసా మీద ఆల్కహాల్ 60 శాతం కంటే తక్కువ ఉంటే కొనవద్దు.

ఉంగరాలు, వాచీ, గాజులు, చేతికి కట్టుకున్న దారాలు తీసేయండి. దారం మొక్కుది అయితే మోచేతి పైకి కట్టుకోవచ్చు. గోళ్లు కురచగా కత్తిరించండి. జుట్టు ముడివేయండి. చున్నీ వేసుకునేవారు రెండు కొసలూ ఏప్రాన్ లోపలికి పిన్ను పెట్టుకోండి. రోగి మీదికి వంగినప్పుడు చున్నీ కొస గాయం మీద ఆనుతుంది, అదే కొసతో కాసేపటికి ముఖం తుడుచుకుంటారు. చెప్పులు వద్దు, పాదం మొత్తం కప్పే బూట్లు వేసుకోండి. కింద పడిన సూది ఎవరి కాలికి గుచ్చుకుందో ఎవరూ చూడరు.

ఏప్రాన్‌లు కనీసం రెండు ఉండాలి. వార్డులో వేసుకున్నది క్యాంటీన్‌కు, లైబ్రరీకి, మెట్రోలోకి తీసుకెళ్లవద్దు. విప్పి లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి విడి సంచిలో పెట్టండి.

బయల్దేరే ముందు చూసుకునే చీటీ

- సానిటైజర్ సీసా నిండుగా ఉందా?
- ఉతికిన ఏప్రాన్, దానికి విడి సంచి
- ఎన్95 మాస్కు ఒకటి, సర్జికల్ మాస్కులు రెండు
- స్టెతస్కోపు తుడవడానికి స్పిరిట్ దూది లేదా వైప్స్
- చేతి మీద గాయం, గీత ఉంటే నీరు చొరని ప్లాస్టర్
- టీకాల కాగితం ఫొటో ఫోనులో ఉందా?

## 3. వార్డులో మొదటి పది నిమిషాలు

రోగి దగ్గరకు నేరుగా వెళ్లవద్దు. ముందు నాలుగు విషయాలు కళ్లతో చూసి పెట్టుకోండి: సబ్బు, నీళ్లున్న సింకు ఎక్కడుంది, వాడిన సూదులు, బ్లేడులు వేసే షార్ప్స్ డబ్బా ఎక్కడుంది, గ్లౌజులు ఎక్కడ పెడతారు, ఏ కిటికీలు తెరిచి ఉన్నాయి. తెలియకపోతే సిస్టర్‌ను అడగండి. వార్డు గురించి ఆమెకు తెలిసినంత మరెవరికీ తెలియదు, అడిగితే చిరాకు పడరు కూడా.

తర్వాత కేస్ షీటు చదవండి. రెండు వారాలకు మించిన దగ్గు, తెమడలో రక్తం, బరువు తగ్గడం అని రాసి ఉంటే, క్షయ అని తేలకపోయినా, ఎన్95 పెట్టుకున్నాకే దగ్గరికి వెళ్లండి. ఒంటిమీద పొక్కులతో జ్వరమంటే చికెన్‌పాక్స్ లేదా తట్టు కావచ్చు. వాటికి మీకు రక్షణ లేకపోతే ఆ రోగిని మీరు పరీక్షించకూడదు. బ్యాచ్‌లో రక్షణ ఉన్నవారు చూస్తారు. ఈ మాట ముందే చెప్పడానికి సిగ్గుపడవద్దు.

కేస్ షీటు మీద హెచ్‌ఐవీ పాజిటివ్ అని రాసి ఉంటే రెండు జతల గ్లౌజులు వేసుకుని, ఏమీ రాయకపోతే వట్టి చేతులతో రక్తం తీసే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇది రోగిని అవమానించడం, మిమ్మల్ని మీరు మోసం చేసుకోవడం. పరీక్ష చేయించుకోనివారి రక్తంలో ఏముందో ఎవరికి తెలుసు? ప్రతి రోగి రక్తం దగ్గరా ఒకే జాగ్రత్త పాటించాలి.

## 4. చేతులు: ఎప్పుడు, ఎలా

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి: రోగిని తాకే ముందు, శుభ్రత అవసరమైన ప్రక్రియకు ముందు, రక్తం లేదా స్రావాలు తగిలాక, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న వస్తువులు తాకాక. వీటిలో తప్పిపోయేవి మొదటిదీ చివరిదీ. రక్తం అంటితే ఎవరైనా కడుక్కుంటారు. మంచం పట్టీ, సెలైన్ స్టాండు, కేస్ షీటు అట్ట పట్టుకున్న చేయి మాత్రం మురికిగా కనిపించదు.

ఒక చిట్కా పనిచేస్తుంది. ఐదింటినీ గుర్తుంచుకునే శ్రమ మానేసి, మంచం దగ్గరికి రెండడుగుల దూరంలో ఉండగానే జేబులోకి చేయి పెట్టడం, మంచం వదిలి రెండడుగులు వేయగానే మళ్లీ పెట్టడం అలవాటు చేసుకోండి. రోగి పేరు, ఊరు అడుగుతూ చేతులు రుద్దుకోవచ్చు. ప్రక్రియకు ముందు, రక్తం తగిలాక చేయాల్సినవి మధ్యలో విడిగా చేస్తారు.

సానిటైజర్ అరచేయి గుంటలో నిండేంత పోసుకుని, 20 నుంచి 30 సెకన్లు, ఆరిపోయేదాకా రుద్దాలి. బొటనవేళ్లు, వేళ్ల కొసలు, వేళ్ల సందులు వదిలేస్తున్నారేమో చూసుకోండి. చేతులకు కంటికి కనిపించే మురికి ఉన్నా, రోగికి విరేచనాలైనా సబ్బు, నీళ్లే వాడాలి. ఇది 40 నుంచి 60 సెకన్ల పని. విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ బ్యాక్టీరియా స్పోర్లను (గట్టి పొరలో ఉండే నిద్రాణ రూపాలను) ఆల్కహాల్ చంపలేదు, నోరో వైరస్ మీద దాని ప్రభావం తక్కువ. కడిగాక ఏప్రాన్‌కు తుడుచుకుంటే కడిగిన ఫలితం పోతుంది. కాగితం లేకపోతే గాలికి ఆరనివ్వండి.

గ్లౌజులు వేసుకున్నాం కదా అని చేతులు శుభ్రం చేసుకోకపోవడం మరో పెద్ద తప్పు. గ్లౌజులకు కంటికి కనిపించని చిల్లులుంటాయి, విప్పేటప్పుడు చేతికి అంటుకుంటుంది కూడా. ఒకే జతతో ఇద్దరు రోగులను ముట్టుకోవద్దు, దాంతో ఫోను అసలే ముట్టుకోవద్దు.

స్టెతస్కోపు డయాఫ్రమ్‌ను, అంటే రోగి ఒంటికి ఆనించే గుండ్రటి భాగాన్ని, ఒక్కో రోగి తర్వాత తుడవండి. ఫోనును వార్డు వదిలే ముందు తుడవండి.

## 5. మాస్కు: పెట్టుకోవడం కంటే బిగియడం ముఖ్యం

సర్జికల్ మాస్కు తుంపరలకు. గాలిలో గంటల తరబడి తేలే క్షయ, తట్టు, చికెన్‌పాక్స్ కణాలకు ఎన్95. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పోస్టింగు అంటే రోజంతా ఎన్95 అని మనసులో స్థిరపరచుకోండి. రోగికి సర్జికల్ మాస్కు, మీకు ఎన్95. రోగికి ఎన్95 పెట్టనవసరం లేదు.

వరస ఇది:

1. చేతులు శుభ్రం చేసుకోండి. మాస్కును అరచేతిలో పెట్టి గడ్డం కింద నుంచి ముఖానికి ఆనించండి.
2. పై పట్టీ నడినెత్తికి, కింది పట్టీ మెడ వెనక్కి. రెండూ మెడ దగ్గరే వేసుకుంటే మాస్కు జారిపోతుంది.
3. ముక్కు మీది లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో రెండు వైపులా నొక్కండి. ఒక చేత్తో గిల్లితే మధ్యలో మడత పడి గాలి పోతుంది.
4. రెండు చేతులతో మాస్కు మీద కప్పి గట్టిగా ఊపిరి వదలండి. కళ్లవైపు గాలి తగిలితే ముక్కు దగ్గర వదులు, చెంపలకు తగిలితే పట్టీలు వదులు. సర్దుకుని మళ్లీ చూడండి.

ఈ నాలుగో అంచె అర నిమిషం పని. దీన్ని వదిలేస్తే ఎన్95 ధర పెట్టి సర్జికల్ మాస్కు వాడినట్టే. గడ్డం పెంచినవారికి మాస్కు అంచు చర్మానికి ఆనదు, కాబట్టి క్షయ వార్డు పోస్టింగు ఉన్న వారాల్లో గీసుకోవడమే దారి. చెవులకు తగిలించుకునే రకాల్లో చాలావరకు సరిగా బిగియవు. కొనేటప్పుడు తలకు పట్టీలున్నవి అడగండి.

ఎండాకాలం ఓపీలో ఊపిరాడక మాస్కును ముక్కు కిందికి లాగడం అందరూ చేసే పనే. లాగాలనిపిస్తే గదిలోంచి బయటికి వెళ్లి, చేతులు శుభ్రం చేసుకుని, పట్టీలు పట్టుకుని పూర్తిగా తీసేయండి. రెండు నిమిషాలు గాలి పీల్చుకుని మళ్లీ పెట్టుకోండి. ముందుభాగం ముట్టుకోవద్దు.

ఎన్95 మళ్లీ వాడాల్సి వస్తే పేరు రాసిన కాగితపు కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ నిలుస్తుంది. తడిసినా, నలిగినా, పట్టీ వదులైనా, రక్తం చిందినా పారేయండి.

ఎక్కడ నిలబడుతున్నారన్నది కూడా మాస్కంత ముఖ్యం. ఛాతీ వెనక నుంచి వినేటప్పుడు రోగిని ముఖం అటు తిప్పుకోమనండి. హెర్నియా చూస్తూ దగ్గమన్నప్పుడూ అంతే. గొంతు పరీక్షలో నోటికి ఎదురుగా నిలబడితే నాలుక నొక్కగానే వచ్చే దగ్గు నేరుగా మీ ముఖం మీదికే. కాస్త పక్కకు జరగండి, కళ్లద్దాలు పెట్టుకోండి. బ్యాచ్ అంతా ఒక మంచం చుట్టూ మూగితే కిటికీ నుంచి వచ్చే గాలి ఆగిపోతుంది. కిటికీ వైపు ఖాళీ వదిలి నిలబడండి.

## 6. రక్షణ దుస్తులు విప్పే వరస

వేసుకునేటప్పుడు గౌను, మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు. విప్పేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు, గౌను, చివరికి మాస్కు. ఎన్95 గది బయటికి వచ్చాకే తీయాలి. ప్రతి అంచె మధ్య చేతులు శుభ్రం చేసుకోండి. వేసుకునేటప్పుడు జరిగే పొరపాట్ల కంటే అలసిపోయి హడావుడిగా విప్పేటప్పుడు జరిగేవే ఎక్కువ నష్టం చేస్తాయి.

గ్లౌజులు విప్పడం హాస్టల్ గదిలో సాధన చేయదగిన పని. ఎడమచేతి గ్లౌజును మణికట్టు దగ్గర బయటి వైపు పట్టి లాగండి, అది లోపలి వైపు బయటికి తిరిగి వస్తుంది. దాన్ని కుడి గుప్పిట్లో ఉంచి, వట్టి ఎడమ వేలిని కుడి గ్లౌజు లోపలి వైపు దూర్చి కిందికి లాగండి. మొదటిది రెండోదాని కడుపులో ఉండిపోవాలి. సాధనకు అరచేతికి కుంకుమ నీళ్లు పూసుకున్న గ్లౌజులు వేసుకుని విప్పి చూడండి. వేలికి ఎక్కడ ఎర్రగా అంటిందో అక్కడ మీ తప్పుంది.

## 7. సూదులు, చెత్త డబ్బాలు

వాడిన సూదికి మూత మళ్లీ పెట్టవద్దు. గుచ్చుకునే ప్రమాదాల్లో ఎన్నో ఆ ఒక్క కదలికతోనే జరుగుతాయి. రక్తం తీయడానికి కూర్చునే ముందే షార్ప్స్ డబ్బాను చేతికి అందేంత దగ్గరికి తెచ్చుకోండి. «సిస్టర్, ఆ డబ్బా ఇటు పెట్టుకోవచ్చా?» అంటే చాలు. సూదిని చేతినుంచి చేతికి అందించవద్దు, ట్రేలో పెట్టండి, అవతలివారు తీసుకుంటారు. కదిలే రోగి, ఏడ్చే పసివాడు అయితే పట్టుకోవడానికి మరొకరు వచ్చేదాకా ఆగండి. నీలోఫర్‌లాంటి పిల్లల ఆసుపత్రిలో ఈ మాట మరీ అవసరం.

డబ్బాల రంగులు 2016 జీవ వైద్య వ్యర్థాల నియమాల ప్రకారం: సూదులు, బ్లేడులు తెల్లటి గట్టి డబ్బాలో. సూది తీసిన సిరంజీలు, ట్యూబులు, గ్లౌజులు ఎరుపులో. రక్తం అంటిన దూది, కట్లు, మాస్కులు పసుపులో. గాజు సీసాలు నీలంలో. షార్ప్స్ డబ్బా ముప్పావు వంతు నిండితే అందులోకి కుక్కవద్దు, మార్చమనండి. మీరు పసుపు సంచిలో పడేసిన సూది సాయంత్రం పారిశుద్ధ్య కార్మికురాలి అరచేతిలో దిగుతుంది. ఆమె దగ్గర మీకున్న టైటర్ కాగితం కూడా ఉండకపోవచ్చు.

## 8. సూది గుచ్చుకుంటే: మొదటి రెండు గంటలు

ఈ భాగాన్ని ఫోనులో దాచుకోండి.

1. చేస్తున్న పని ఆపండి. గ్లౌజు తీసి, సబ్బుతో పారే నీళ్ల కింద కడగండి. పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్, బ్లీచింగ్ పోయవద్దు.
2. కంట్లో చిందితే మంచినీళ్లు లేదా సెలైన్‌తో ధారగా కడగండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే ముందు కడిగి, తర్వాత తీయండి. నోట్లో పడితే ఉమ్మి, పలుమార్లు పుక్కిలించండి.
3. వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. పోస్టింగు అయ్యాక, ఇంటికి వెళ్లాక, రేపు అనేవి లేవు.
4. రోగి ఎవరో, సూది ఏ రకమో, రక్తం కనిపించిందో లేదో రాయించండి. రోగి అంగీకారంతో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలకు నమూనా పంపుతారు. మీ రక్తం కూడా ఇవ్వాలి.
5. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే ఫలితం కోసం ఆగకుండా, అది సోకకుండా ఇచ్చే మందు మొదటి మాత్ర వేసుకోవాలి. రెండు గంటల్లోపు అయితే మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకొకటి, 28 రోజులు. రోగికి లేదని తేలితే డాక్టర్ ఆపమంటారు.
6. హెపటైటిస్ బికి టైటర్ చాలినంత ఉంటే ఏమీ అక్కర్లేదు. లేకపోతే టీకా, అవసరాన్ని బట్టి ఇమ్యునోగ్లోబులిన్, వీలైతే 24 గంటల్లోపు.

భయపడి మాట్లాడకుండా ఉండిపోయేవారి కోసం అంకెలు చెబుతాను. హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తంతో సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యిలో ముగ్గురికి. టీకా లేనివారికి హెపటైటిస్ బి సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. విద్యార్థులు మొదటిదానికి వణికి, రెండోదాన్ని మరచిపోతారు. హెపటైటిస్ సికి టీకా లేదు, ముందు జాగ్రత్త మందూ లేదు. తర్వాతి పరీక్షలే దారి. సోకినట్టు తేలితే నయం చేసే మందులున్నాయి.

గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. రాత్రిపూట మొదటి మాత్ర మీ ఆసుపత్రిలో ఎవరి దగ్గర దొరుకుతుందో పోస్టింగు మొదటి రోజే అడిగి రాసుకోండి. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, ఇలాంటి ప్రమాదం ఉన్న చోట పనిచేసేవారికి జాగ్రత్త సామగ్రి, ఈ మందు సమకూర్చాల్సిన బాధ్యత సంస్థదే. మీరు అడుగుతున్నది ఉపకారం కాదు.

మాత్రలు వాడేటప్పుడు వికారం, నిద్ర సరిగా పట్టకపోవడం ఉండవచ్చు. యాంటాసిడ్లు, ఐరన్, కాల్షియం వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, వేళలు మార్చాలి. ఆరు వారాలు, మూడు నెలలు, ఆరు నెలలకు పరీక్షలు చేయించుకోవాలి. అప్పటిదాకా రక్తదానం చేయవద్దు, పెళ్లయినవారు కండోమ్ వాడాలి. స్నేహితులెవరికైనా ఇలా జరిగితే మందుల కేంద్రానికి వెంట వెళ్లండి. ఆ రోజు ఒంటరిగా తిరగడం చాలా కష్టం.

## 9. మీకే జ్వరం వస్తే, హాస్టల్ సంగతి

ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు కావాలన్న నిబంధనతో దగ్గుతూ, జ్వరంతో వార్డుకు వచ్చేవారు ఎక్కువ. ఎదురుగా ఉన్నది కీమోథెరపీ రోగి కావచ్చు. రాకండి, యూనిట్ చీఫ్‌కు సందేశం పెట్టి పోస్టింగు తర్వాత పూర్తిచేయడానికి అనుమతి అడగండి. చికెన్‌పాక్స్ రోగి దగ్గర ఉండి మీకు రక్షణ లేకపోతే, ఎనిమిదో రోజు నుంచి 21వ రోజు వరకు వార్డులకు దూరంగా ఉండాలి. మొదటి మూడు నుంచి ఐదు రోజుల్లోపు టీకా వేసుకుంటే ఇంకా ప్రయోజనం ఉంటుంది. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకోండి. రోగులకు చెప్పే మాటే ఇది.

వానాకాలంలో ఆసుపత్రి కంటే హాస్టలే ప్రమాదకరం కావచ్చు. డెంగీ దోమ పగలు కుడుతుంది, నిలవ నీటిలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వారానికోసారి కూలర్లు, బకెట్లు, మేడ మీది పాత టబ్బులు ఒంపి ఆరబెట్టండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్‌లాంటివి సొంతంగా వేసుకోవద్దు.

## 10. మీ బ్యాచ్ అలవాటును కొలవండి

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) విద్యార్థుల పరిశోధనకు ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కో, కమ్యూనిటీ మెడిసిన్ ప్రాజెక్టుకో ఇదే అంశం ఎంచుకునే విద్యార్థులు చాలామంది. జ్ఞానం, దృక్పథం, ఆచరణ మీద ప్రశ్నావళి పంచి, అందరూ చేతులు కడుక్కుంటున్నారని తేలుస్తారు. మీరు చేతులు కడుక్కుంటారా అని అడిగితే కాదనేవారెవరు?

ఆచరణను ఇలా అడగండి: «నిన్నటి పోస్టింగులో ఎంతమంది రోగులను తాకారు? వారిలో ఎంతమందిని తాకే ముందు చేతులు శుభ్రం చేసుకున్నారు?» నిన్నటి గురించి, అంకెల్లో. «ఎప్పుడైనా సూది గుచ్చుకుందా? ఎవరికి చెప్పారు? చెప్పకపోతే ఎందుకు?» అన్న ప్రశ్న పేరు రాయని కాగితం మీదే ఉండాలి. దృక్పథానికి ఒప్పుకుంటారా, ఒప్పుకోరా అన్న వాక్యాలకంటే సందర్భాలు మేలు: ప్రొఫెసర్ చేతులు శుభ్రం చేసుకోకుండా తర్వాతి మంచానికి వెళ్లారు, మీరేం చేస్తారు?

వీలైతే ఒక పరిశీలకుడు వార్డులో నిలబడి చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు ఎన్ని, నిజంగా చేసుకున్నవి ఎన్ని అని రెండూ లెక్కపెట్టాలి. చూస్తున్నారని తెలిస్తే మొదటి కొన్ని రోజులు అందరూ బాగానే చేస్తారు కాబట్టి ఆ రోజుల లెక్క వదిలేయండి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క కాగితం కూడా పంచవద్దు.

ఫలితాల్లో జ్ఞానం మార్కులు ఎక్కువగా, ఆచరణ తక్కువగా వస్తే దానికి మందు మరో ఉపన్యాసం కాదు. సింకుల్లో సబ్బు ఉందా, డబ్బాల్లో సానిటైజర్ ఉందా, గ్లౌజులు ఏ సైజువి ఉన్నాయి, సూది గుచ్చుకున్నవారిని మందలిస్తున్నారా అన్నవి అదే వారం రాసి, ఆ జాబితాను ప్రాజెక్టు నివేదికకు జతచేసి ఆసుపత్రి ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీకి ఇవ్వండి.